రెండు రోజుల్లో అడవికి వెళ్లి రావాలంటే: హైదరాబాద్ నుంచి అమ్రాబాద్, బైర్లూటి, కవ్వాల్, తాడోబా

శుక్రవారం ఆఫీసు అయ్యాక బ్యాగులు సర్దుకోవాలి, ఆదివారం రాత్రి భోజనాల వేళకి ఇంట్లో ఉండాలి. మధ్యలో ఒక అడవి చూడాలి. ఈ లెక్కతో హైదరాబాద్‌లో ఎవరిని కదిలించినా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "పులి ఎక్కడ కనిపిస్తుంది?" నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది, అక్కడ గేటు ఎన్నింటికి తీస్తారు, ఎన్నింటికి వేస్తారు అన్నది. రెండోది, ఆ వేళకి గేటు దగ్గర ఉండాలంటే ఎన్ని గంటలు బండి నడపాలన్నది. ఉన్న రెండు రోజుల్లో పదహారు గంటలు రోడ్డు మీదే పోతే, అడవి ఎంత గొప్పదైనా సోమవారం పొద్దున గుర్తుండేది నడుం నొప్పే.

ఇంకో సంగతి. "నేషనల్ పార్క్" అన్న బోర్డు చూసి ఎంచుకోవద్దు. చట్టం ప్రకారం తెలంగాణలో జాతీయ పార్కులు మూడే ఉన్నాయి: జూబ్లీహిల్స్‌లో కేబీఆర్, చిలుకూరు దగ్గర మృగవని, వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాద్‌ని అంటుకునే ఉన్నాయి. వేల చదరపు కిలోమీటర్లున్న అమ్రాబాద్, కవ్వాల్ మాత్రం అభయారణ్యాలు, టైగర్ రిజర్వులు. రెండేళ్ల పిల్లాడితో పెద్ద ప్రయాణం వద్దనుకునే వాళ్లకి హరిణ వనస్థలి ఏమీ తక్కువ కాదు. విజయవాడ హైవే పక్కనే కృష్ణజింకలు మేస్తూ కనిపిస్తాయి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేయొచ్చు. కానీ ఊరు దాటాలి, ఓ రాత్రి బయట గడపాలి అనుకుంటే మిగిలేవి నాలుగు.

అమ్రాబాద్: దగ్గర కాబట్టి ముందు దీన్నే చూడాలి

తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే కడ్తాల్, ఆమనగల్, డిండి మీదుగా మన్ననూరు సుమారు 140 కిలోమీటర్లు. ఎక్కడా హడావిడి పడకుండా మూడు గంటల్లో చేరొచ్చు. రెండు రోజుల ట్రిప్పుకి ఇంతకన్నా మంచి లెక్క ఇంకోటి లేదు. శనివారం ఇంట్లో టిఫిన్ చేసి బయల్దేరినా మధ్యాహ్నం సఫారీకి అందుకుంటారు.

మన్ననూరులో అటవీశాఖ చెక్‌పోస్టు ఉంది. రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరింటికి తీస్తారు. అడవి జంతువులు రోడ్డు దాటే వేళలవి కాబట్టి ఈ నియమంలో మినహాయింపులు ఆశించకండి. మన్ననూరులోనే బస అయితే ఇబ్బంది లేదు. దోమలపెంటలోనో శ్రీశైలంలోనో గది తీసుకున్నవాళ్లు మాత్రం శుక్రవారం సాయంత్రం ఏడింటికి గచ్చిబౌలిలో బయల్దేరితే ఆ రాత్రి చెక్‌పోస్టు ఇవతలే ఉండిపోతారు.

బసకి అటవీశాఖ వాళ్ల కాటేజీలు మన్ననూరులోనే ఉన్నాయి. గది, సఫారీ, చిన్న ట్రెక్కింగ్ కలిపి ప్యాకేజీగా ఆన్‌లైన్‌లో ఇస్తారు. గదులు కొన్నే కాబట్టి ముందు వాటిని ఖాయం చేసుకుని, తర్వాత స్నేహితుల్ని పిలవడం మంచిది. సఫారీ ఫర్హాబాద్ వైపు జరుగుతుంది. శాఖ వాహనంలోనే వెళ్లాలి, సొంత కారుని లోపలికి పోనివ్వరు. చివర్లో వ్యూ పాయింట్ దగ్గర కొండ అంచున నిలబడితే కింద మైదానం, చెరువులు, పొలాలు చాలా దూరం కనిపిస్తాయి. నిజాం కాలంలో వేటకి, వేసవి విడిదికి ఈ గుట్టల మీదికే ఎందుకొచ్చేవాళ్లో ఆ గాలి తగిలితే తెలుస్తుంది.

ఇక పులి సంగతి. అమ్రాబాద్ విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్ల పైమాటే, మహారాష్ట్రలోని తాడోబాది సుమారు 1,700. అయినా తాడోబాలో పులులు వందకు దగ్గరగా ఉంటే అమ్రాబాద్‌లో అందులో చిన్న వంతే. నల్లమల గుట్టలు, లోయలు, రాళ్లు, ఎండాకాలం ఎండిపోయే వాగులతో నిండిన పొడి అడవి. మేత జంతువులు పలుచగా ఉంటాయి, పులి దాక్కోవడానికి చోటుకి కొదవ లేదు. అందుకని ఇక్కడి సఫారీలో దుప్పులు, కణుతులు (సాంబార్ జింకలు), నెమళ్లు, కొండముచ్చులు కనిపిస్తాయనుకుని వెళ్లండి. ఎలుగుబంటి ఎదురైతే అదృష్టం. పులి కనిపిస్తే ఊరంతా చెప్పుకోవచ్చు. ఒకటిన్నర రెండు గంటల సఫారీలో పులిని చూపిస్తామని ఎవరైనా మాటిస్తే ఆ మాట నమ్మొద్దు.

అమ్రాబాద్ బలం జంతువుల్లో కన్నా చుట్టుపక్కల చూసేవాటిలో ఉంది. వటవర్లపల్లి దగ్గర లోపలికి తిరిగితే మల్లెల తీర్థం. మూడొందలకు పైగా మెట్లు దిగాలి, మళ్లీ అన్నీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కిందికి దింపితే వాళ్లకీ కష్టం, మీకూ కష్టం. వానాకాలం తర్వాత నీళ్లు బాగుంటాయి. ఏప్రిల్‌లో వెళ్తే సన్నని ధార మాత్రమే ఉంటుంది. పెద్దవాళ్లకి ఉమామహేశ్వరం బాగుంటుంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు దాన్ని. కొండ అంచున రాతి పంచ కింద గుడి, పైనుంచి పడే చల్లని నీళ్లు. కారు కొండమీది దాకా వెళ్తుంది. అచ్చంపేట నుంచి కాస్త దూరమే కాబట్టి వెళ్లేటప్పుడే చూసుకోవచ్చు.

అమ్రాబాద్‌కి ఉన్న ఒకే ఒక్క చిక్కు శ్రీశైలం. ఈ అడవి మధ్య నుంచి పోయే రోడ్డే గుడికీ దారి. కార్తీక మాసం వారాంతాల్లోనూ, శివరాత్రికీ, డ్యామ్ గేట్లు ఎత్తారని టీవీలో చూపించిన మర్నాడూ ఆ రోడ్డు మీద కార్ల వరస తప్ప అడవి కనిపించదు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరిగే రోజుల్లో కూడా అంతే. జాతర కోసమే అయితే తప్పకుండా వెళ్లాల్సిందే, ప్రశాంతత కోసమైతే ఆ రోజులు వదిలేయండి.

అచ్చంపేట దాటకముందే పెట్రోలు నింపుకోండి. మన్ననూరు దాటితే ఫోన్ సిగ్నల్ ఉంటుందో ఉండదో చెప్పలేం. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు తీసుకెళ్లొద్దు. కోతులకి అరటిపండ్లు విసిరే అలవాటుంటే మానుకోండి. తిండి ఆశకి రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడేది అవే.

బైర్లూటి: అడవిలో పడుకోవాలనే వాళ్లకి

నల్లమల కృష్ణకి అటు ఒడ్డున కూడా ఉంది. రాష్ట్రం విడిపోయినప్పుడు టైగర్ రిజర్వు కూడా విడిపోయింది. ఇటు వైపుది అమ్రాబాద్ అయింది, అటు వైపుది నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వుగా మిగిలింది. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వు అదే. అందులో ఆత్మకూరు దాటాక దోర్నాల రోడ్డు మీద బైర్లూటి జంగిల్ క్యాంప్ ఉంది. అటవీశాఖ ఆధ్వర్యంలో స్థానిక చెంచుల భాగస్వామ్యంతో నడుస్తుంది.

హైదరాబాద్ నుంచి కర్నూలు దాకా ఎన్‌హెచ్ 44, అక్కడి నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు. మొత్తం 300 కిలోమీటర్లు కాస్త అటూ ఇటూగా. ఐదున్నర ఆరు గంటలు. అమ్రాబాద్‌కి రెట్టింపు దూరమే, కానీ మూడొంతుల దారి హైవే కాబట్టి అంత అలసట అనిపించదు. శుక్రవారం రాత్రే కర్నూలు చేరి పడుకుని, పొద్దున తీరిగ్గా బయల్దేరడం నా సలహా. ఇంకో పద్ధతి, శనివారం ఉదయం బయల్దేరి కర్నూలు ముందు అలంపూర్‌లో ఆగడం. తుంగభద్ర ఒడ్డున చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు చూసి మధ్యాహ్నానికి క్యాంప్ చేరొచ్చు.

ఇక్కడ కాటేజీలూ, టెంట్లూ ఉన్నాయి. భోజనం, సఫారీ ప్యాకేజీలోనే వస్తాయి. ఎక్కడ తినాలి, జీపు ఎవరిని అడగాలి అన్న టెన్షన్ లేకపోవడమే దీని సుఖం. అమ్రాబాద్‌లో పగలు నాలుగైదు చోట్ల తిరుగుతాం. బైర్లూటికి వెళ్తే తిరిగేది తక్కువ, కూర్చునేది ఎక్కువ. చీకటి పడ్డాక ఆ రోడ్డు కూడా మూసేస్తారు కాబట్టి బండ్ల చప్పుడు ఉండదు. రాత్రంతా కీచురాళ్లు, దూరంగా ఎప్పుడో దుప్పి అరుపు. ఫోన్ లేకుండా రెండు గంటలు కూర్చోలేని టీనేజ్ పిల్లలు మీ ఇంట్లో ఉంటే ముందే మాట్లాడుకుని వెళ్లండి.

వేసవిలో వెళ్లేవాళ్లకి ఇంకో కారణం కూడా ఉంది. శ్రీశైలం జలాశయంలో నీళ్లు తగ్గినప్పుడు మాత్రమే బయటపడే సంగమేశ్వరం గుడి ఆత్మకూరు వైపే ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలోనే ఉండే గుడి అది. నీళ్లు ఎంతవరకు దిగాయో ఆత్మకూరులో కనుక్కుని వెళ్లాలి.

కవ్వాల్: వానలు వెనక్కి తగ్గాక

ఉత్తర తెలంగాణ మూలాలున్న వాళ్లకి కవ్వాల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: ఇది 2012లో టైగర్ రిజర్వు అయింది. జన్నారం దీని వాకిలి. కరీంనగర్, జగిత్యాల, ధర్మపురి, లక్షెట్టిపేట మీదుగా జన్నారం 270 కిలోమీటర్ల వరకు ఉంటుంది, ఐదున్నర గంటల ప్రయాణం. జన్నారంలో టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఉంది.

పులి కోసం మాత్రం కవ్వాల్ వెళ్లకండి. మహారాష్ట్ర వైపు నుంచి పులులు వస్తుంటాయి, పోతుంటాయి, స్థిరంగా ఉండేది అరుదు. టేకు, వెదురు, మద్ది చెట్ల మధ్య అడవిదున్నలు, మనుబోతులు, దుప్పులు, బోలెడన్ని పక్షులు ఉంటాయి. పక్షుల్ని చూసే అలవాటున్న వాళ్లు నలుగురిలో ఒకరుంటే చాలు, మిగతా ముగ్గురికీ విసుగు రాదు.

కవ్వాల్‌ని నేను ఒంటరిగా చూడను, ఒక చుట్టుగా చూస్తాను. వెళ్లేటప్పుడు కరీంనగర్ దారి, దోవలో కొండగట్టు, ధర్మపురి. రాత్రి జన్నారం. ఆదివారం పొద్దున సఫారీ చేసుకుని కడెం ప్రాజెక్టు, ఖానాపూర్ మీదుగా నిర్మల్ వచ్చి ఎన్‌హెచ్ 44 ఎక్కి ఇంటికి. వెళ్లిన దారిలోనే వెనక్కి రావాల్సిన అవసరం ఈ ట్రిప్పులో లేదు. అక్టోబరులో అయితే నిర్మల్ నుంచి పైకి, నేరడిగొండ వైపు వెళ్లి కుంటాల జలపాతం కూడా చూడొచ్చు. కానీ అది హైదరాబాద్‌కి వ్యతిరేక దిశ. దాన్ని కలుపుకుంటే ఆదివారం ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది. మూడు రోజులుంటేనే కుంటాల.

మార్చి దాటాక కవ్వాల్ ఆకర్షణ సగం పోతుంది. వాగులు ఎండుతాయి, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు ఎండలు ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే.

తాడోబా: పులే కావాలంటే

ఇక అసలు మోజు ఉన్న చోటు. మహారాష్ట్రలో మొట్టమొదటి జాతీయ పార్కు, 1955 నుంచి ఉంది. ఈ నాలుగింటిలో నిఖార్సైన "నేషనల్ పార్క్" ఇదొక్కటే. అడవి చాలావరకు సమతలం, మధ్యలో చెరువులు, దుప్పులు, అడవిదున్నలు లెక్కలేనన్ని. పులి నీళ్ల కోసం రోడ్డు దాటక తప్పదు. జీపులకి అలవాటు పడ్డ పులులు కూడా కొన్ని ఉన్నాయి. అందుకే ఇక్కడ అవకాశం మిగతా మూడింటి కన్నా చాలా ఎక్కువ. అవకాశమే సుమా, హామీ కాదు. రెండు సఫారీలు చేసి రేచుకుక్కలను, తాడోబా చెరువులో మొసళ్లను మాత్రమే చూసి తిరిగొచ్చేవాళ్లూ ఉంటారు.

దూరం చూద్దాం. చంద్రపూర్ సుమారు 400 కిలోమీటర్లు. మంచిర్యాల, ఆసిఫాబాద్, రాజురా మీదుగా వెళ్లొచ్చు, లేదా నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా. ఎలా వెళ్లినా భోజనం, టీలతో కలిపి ఎనిమిది గంటలు. రెండు రోజుల్లో కుదరాలంటే శనివారం తెల్లవారుజామున నాలుగింటికి ఇల్లు వదలాలి, మధ్యాహ్నం సఫారీకి అందుకోవాలి, ఆదివారం పొద్దున ఇంకో సఫారీ చేసి పది పదకొండింటికి తిరుగు ప్రయాణం పట్టాలి. అంటే దాదాపు ఎనిమిది గంటల అడవికి పదహారు గంటల డ్రైవింగ్. ఇద్దరు డ్రైవర్లుంటే సరే. ఒక్కరే అయితే దయచేసి వద్దు. నిద్ర కళ్లతో ఆదివారం రాత్రి హైవే మీద లారీల మధ్య నడపడం పులి కన్నా ప్రమాదం.

సోమవారం సెలవు కలిసొస్తే తాడోబా ఒక్కసారిగా మంచి ఎంపిక అవుతుంది. మూడు నాలుగు సఫారీలు పడతాయి, అవకాశమూ అంతే పెరుగుతుంది. సోమవారం కాక మంగళవారం సెలవనుకుంటే మాత్రం ఆగండి. తాడోబాకి మంగళవారం సెలవు. కారే కావాలన్న పట్టుదల లేనివాళ్లు శుక్రవారం రాత్రి సికింద్రాబాద్ లేదా నాంపల్లిలో రైలెక్కితే తెల్లారేసరికి బల్లార్షాలో దిగొచ్చు. అక్కడి నుంచి టాక్సీ. రోడ్ ట్రిప్ గురించి రాస్తూ రైలెక్కమని చెప్పడం వింతే, అయినా తాడోబా విషయంలో నిజాయితీగా చెప్పాల్సింది అదే.

గేట్ల దగ్గర చాలామంది బోల్తా పడతారు. తాడోబాకి చాలా గేట్లున్నాయి. మొహర్లీ గేటు చంద్రపూర్ వైపు, మనకి దగ్గర. కొలారా, నవేగావ్ ఉత్తరం వైపు, నాగ్‌పూర్ వాళ్లకి దగ్గర. బుకింగ్ సైట్‌లో మొహర్లీ నిండిపోయిందని కొలారాకి టికెట్ తీసుకుని, రిసార్ట్ మాత్రం మొహర్లీలో ఉంచుకుంటే, అడవి మధ్య నుంచి అడ్డంగా పోవడం కుదరదు. చుట్టూ తిరిగి వెళ్లేసరికి సఫారీ టైం దాటిపోతుంది. ముందు గేటు, ఆ తర్వాతే రిసార్ట్. మొహర్లీ కోర్‌లో దొరక్కపోతే అదే వైపున్న అగర్‌జరి, జునోనా లాంటి బఫర్ గేట్లు చూడండి (కోర్ అంటే రిజర్వు లోపలి భాగం, బఫర్ అంటే దాని చుట్టూ ఉండే అడవి). బఫర్ అని తీసిపారేయకండి, పులికి ఆ గీత తెలీదు.

ఖర్చు నాలుగింటిలోనూ ఇక్కడే ఎక్కువ. జిప్సీ, గైడు, ప్రవేశ రుసుము కలిపి సఫారీకి వేలల్లో అవుతుంది. జిప్సీలో ఆరుగురు పడతారు కాబట్టి ఆరుగురు కలిసి వెళ్తేనే గిట్టుబాటు. నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి సరిగ్గా సరిపోతుంది. బుకింగ్‌లో ఇచ్చిన గుర్తింపు కార్డు అసలుది వెంట ఉండాలి. కోర్‌లో సెల్‌ఫోన్ వాడనివ్వరు, ఫోటోలు కావాలంటే కెమెరా తీసుకెళ్లాలి.

పులి బాగా కనిపించేది ఏప్రిల్, మే నెలల్లో, ఆకులు రాలి నీటి గుంటలు కొన్నే మిగిలినప్పుడు. చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటేదీ అప్పుడే. పైకప్పు లేని జిప్సీలో మధ్యాహ్నం సఫారీ అంటే పిల్లలకి, పెద్దవాళ్లకి నరకం. కుటుంబంతో అయితే ఫిబ్రవరి, మార్చి మధ్యేమార్గం.

ఇంతకీ ఏది?

కారు ఒక్కరే నడపాలి, ఉన్నది శని, ఆదివారాలే అంటే అమ్రాబాద్. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఇంతకుముందే అమ్రాబాద్ చూసేసి, ఈసారి తిరగడం కాదు, ఊరికే ఉండాలి అనిపిస్తే బైర్లూటి. అక్టోబరు, జనవరి మధ్య కొత్త దారిలో డ్రైవింగ్ చేయాలనే సరదా ఉంటే కవ్వాల్. పులి చూడకుండా రాకూడదనే మొండిపట్టు ఉంటే ఈ వారాంతం ఎక్కడికీ వెళ్లకుండా, సెలవు కలిసొచ్చే వారం చూసుకుని తాడోబా టికెట్లు ఇప్పుడే బుక్ చేసుకోవడం మేలు.

జూలై నుంచి సెప్టెంబరు చివరి దాకా టైగర్ రిజర్వుల కోర్ ప్రాంతాలు పర్యాటకులకి మూసేస్తారు. ఆ మూడు నెలల్లో ప్లాన్ చేస్తే సఫారీ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే గదికి డబ్బు కట్టండి.

హైదరాబాద్ కాని వాళ్లకి ఈ లెక్కంతా మారిపోతుంది. రాజమండ్రి, విశాఖ వాళ్లకి 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన పాపికొండలు ఉండగా తాడోబా దాకా ఎందుకు? మారేడుమిల్లి రాజమండ్రి నుంచి 85 కిలోమీటర్లే, ఘాట్ రోడ్డూ, బొంగులో చికెనూ అదనం. గోదావరిలో బోటు మాత్రం వరద రోజుల్లో ఆపేస్తారు, అది చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి మారేడుమిల్లి తాడోబా అంత దూరం, అందుకే దాన్ని పై జాబితాలో పెట్టలేదు. తిరుపతి, బెంగళూరు, చెన్నై వాళ్లకి శేషాచలం కొండల్లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు, అందులో తలకోన జలపాతం ఉన్నాయి.

అమ్రాబాద్ ఖాయం చేసుకున్న వాళ్లు తిరుగు ప్రయాణం గురించి ఒకటి గుర్తుంచుకోండి. ఆదివారం సాయంత్రం శ్రీశైలం నుంచి వెనక్కొచ్చే కార్లన్నీ ఇదే రోడ్డు మీద ఉంటాయి. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇంకో గంట కూర్చోకుండా, మూడింటికల్లా మన్ననూరు వదిలితే చీకటి పడేలోపు తుక్కుగూడ దాటొచ్చు.